మారుతి 800: రెండో సిలిండర్ ప్లగ్గు మరలు పోయాయి, హెడ్డు మార్చాల్సిందేనా?

గోదారి_800
మా నాన్నగారి 1997 మారుతి 800, కార్బురేటర్ బండి, ఏపీ 5 నంబరు. ఆదివారం స్పార్క్ ప్లగ్గులు నేనే మారుద్దామని కూర్చున్నాను. ఒకటి, మూడు హాయిగా వచ్చేశాయి. రెండోది మాత్రం మొదటి చుట్టు నుంచి చివరిదాకా కిర్రుమంటూనే వచ్చింది. కొత్తది చేత్తో సగం దాకా బాగానే దిగింది, ఆ తర్వాత పట్టేసింది. పానా వేసి కాస్త గట్టిగా తిప్పాను. బిగుస్తోంది అనుకుంటూండగానే పుటుక్కున వదులైపోయింది. ఇక ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది. బయటికి లాగితే ప్లగ్గు మరల మధ్య సన్నటి వెండి తీగలా అల్యూమినియం చుట్టుకుని వచ్చింది. అది చూడగానే నాకు చేతులు ఆడలేదు.

మా వీధి చివర మెకానిక్ వచ్చి చూసి, "హెడ్డు పోయింది, సెకండ్ హ్యాండ్‌ది వేసేద్దాం, 18 వేలు అవుతుంది" అన్నాడు. నాన్న పోయి రెండేళ్ళయింది. ఈ బండి స్టార్ట్ చేస్తే అమ్మ ఇప్పటికీ వంటింట్లోంచి వాకిట్లోకి వస్తుంది. ఎవరిదో హెడ్డు తెచ్చి వేయడానికి మనసు ఒప్పడం లేదు. ఉన్నదాన్నే బాగుచేసుకునే దారి ఉందా? మూడు పాత ప్లగ్గుల ఫొటో పెడుతున్నాను.

నల్ల_అంబాసిడర్
హెడ్డు మార్చకండి. ముందు బండిని స్టార్ట్ చేయకండి. వదులుగా ఉన్న ప్లగ్గుతో తిప్పితే కంప్రెషన్‌కి అది తూటాలా ఎగిరి వస్తుంది, బానెట్‌కి సొట్ట పడుతుంది. మిగతాది తెలిసినవాళ్ళు చెబుతారు. నాది పోతపోసిన ఇనుప హెడ్డు, ముప్పై ఏళ్ళలో ఈ బాధ నాకు రాలేదు.

ఫియట్_ప్రేమి
అంబాసిడర్ వాళ్ళకి ఎప్పుడూ ఇదే ధీమా :) మా పద్మినిది అల్యూమినియం హెడ్డే. 2009లో నాకూ ఇదే జరిగింది, రంధ్రంలో బుష్ (మరలున్న గొట్టం) వేయించాను, ఇప్పటికీ అదే నడుస్తోంది. గోదారి గారూ, కంగారు పడకండి.

లేత్_మాస్టర్
చుట్టుకుని వచ్చిన ఆ తీగే మీ హెడ్డులో ఉండాల్సిన మర. అంటే పూర్తిగా ఊడింది. పై రెండు మూడు చుట్లు నలిగి, కింద బాగుంటే పాత మరనే సరిచేసేవాళ్ళం. ఇక్కడ ఆ అవకాశం లేదు. రంధ్రాన్ని పెద్దది చేసి, కొత్త మర కోసి, లోపల ఉక్కు మర కూర్చోబెట్టాలి. ఇది రోజూ జరిగే పనే, హెడ్డు మార్చాల్సినంత జబ్బు కాదు.

కానీ నా మాట వింటే హెడ్డు దింపి లేత్‌కి పంపండి. డ్రిల్లింగ్ మెషీన్ మీద బిగించి కోస్తే ఇసుమంత కూడా వంకర రాదు. బండి మీదే చేత్తో కోస్తే, మర కోసే ట్యాపు ఒక పక్కకి ఒరిగిందంటే ప్లగ్గు వాషర్ సీటు మీద సమంగా కూర్చోదు, ఒక వైపు గ్యాసు లీకవుతూనే ఉంటుంది.

ఒక్క సంగతి చెప్పండి, ప్లగ్గులు తీసినప్పుడు ఇంజన్ చల్లగా ఉందా?

గోదారి_800
లేదండీ. రైతుబజారుకి వెళ్ళొచ్చి అరగంట కూడా కాలేదు. వేడి మీద అయితే సులువుగా వస్తాయని ఎవరో అన్నట్టు గుర్తు.

లేత్_మాస్టర్
అది ఇనుప హెడ్డు మాట. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది, వేడిలో మెత్తబడుతుంది కూడా. అప్పుడు మరల్లో మసి ఇరుక్కుని ఉంటే ప్లగ్గు తిప్పిన ప్రతి చుట్టుకీ అల్యూమినియాన్ని గీరుకుంటూ వస్తుంది. చెయ్యి పెట్టి పట్టుకోగలిగేంత చల్లారాకే ప్లగ్గు ముట్టుకోవాలి. గట్టిగా ఉంటే మొదట్లో తుప్పు వదిలించే ఆయిల్ నాలుగు చుక్కలు వేసి, గంట ఆగి, పావు చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి ఆడిస్తూ తీయాలి.

ఆటోనగర్_కుర్రాడు
మాస్టర్ చెప్పింది కరెక్టే కానీ దీనికి హెడ్డు దింపడం ఎక్కువ. హెడ్డు గాస్కెట్, టైమింగ్ బెల్ట్ విప్పడం, మళ్ళీ కట్టడం, కూలెంట్. మా విజయవాడ ఆటోనగర్‌లో బండి మీదే గంటన్నరలో కాయిల్ (మర బదులు కూర్చునే స్టీల్ తీగ చుట్ట) వేసి పంపుతాం. ఆ ట్యాపు మొన 14 ఎం.ఎం. పాత మరలోనే దిగుతుంది, వెనక భాగం పెద్ద మర కోసుకుంటూ వస్తుంది. పాత దారినే పట్టుకుని పోతుంది కాబట్టి వంకర రాదు.

లేత్_మాస్టర్
పాత దారే ఊడిపోయింది కదా తమ్ముడూ, ఏది పట్టుకుని పోతుంది?

ఆటోనగర్_కుర్రాడు
అడుగున రెండు చుట్లయినా మిగులుతాయి మాస్టారూ. చాలాసార్లు చూశాను.

పానా_పద్మ
కాయిల్ గురించి నా అనుభవం చెబుతాను. మా జెన్‌కి 2015లో స్టీల్ తీగ కాయిల్ వేయించాను. మూడేళ్ళు ఏ గొడవా లేదు. తర్వాత ప్లగ్గు మార్చబోతే కాయిల్ మొత్తం ప్లగ్గుతో పాటే స్ప్రింగులా బయటికి వచ్చేసింది. అడుగున మసి పట్టి ప్లగ్గుకీ కాయిల్‌కీ అతుక్కుపోయిందట. రెండోసారి గట్టి బుష్ వేశాను, నా చేతులతో నేనే. అది గొట్టంలా ఉంటుంది, లోపలా బయటా మరలు, పైన చిన్న అంచు. అడుగు మరల్ని డ్రైవర్ అనే పనిముట్టుతో లోపలి నుంచి వెడల్పు చేస్తాం కాబట్టి హెడ్డుని కరుచుకుని ఉంటుంది. ఆ తర్వాత నాలుగుసార్లు ప్లగ్గు తీశాను, బుష్ కదల్లేదు.

ఆటోనగర్_కుర్రాడు
సరిగ్గా వేస్తే కాయిల్ కూడా రాదు అక్కా. తోక ఉన్న కాయిల్ అయితే దాన్ని విరిచి బయటికి తీయాలి, లోపల పడితే ఇంజన్‌కే ప్రమాదం. పై చుట్టుని పంచ్‌తో కొద్దిగా హెడ్డులోకి కొట్టి లాక్ చేయాలి. చాలామంది ఈ పని వదిలేస్తారు.

పానా_పద్మ
ఒప్పుకుంటాను. మా బండికి ఆ పంచ్ కొట్టలేదు. కానీ పదిమందిలో ఎంతమంది కొడతారో మీరే చెప్పండి.

కొత్త_డ్రైవర్
నాకు తెలియక అడుగుతున్నా. ప్లగ్గుకి సన్న రాగి తీగ చుట్టి, ఎపాక్సీ రాసి బిగిస్తే ఆగదా? మా ఊళ్ళో ఒకాయన అలాగే నడుపుతున్నాడు.

ఫియట్_ప్రేమి
రోడ్డు మధ్యలో ఆగిపోయి, షెడ్డు దాకా మెల్లగా పోవడానికి రాగి తీగ సరే. అది కూడా భయపడుతూనే. ఎపాక్సీ మాత్రం వద్దు. ప్లగ్గు తన వేడిని మరల ద్వారా, వాషర్ ద్వారా హెడ్డుకి దించుకుంటుంది. మధ్యలో జిగురు పెడితే వేడి దిగదు, ప్లగ్గు మొన ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే పెట్రోలుని అంటిస్తుంది. పిస్టన్‌కి చిల్లు పడొచ్చు. పైగా రేపు బుష్ వేద్దామంటే ఆ జిగురంతా గీకాలి.

కొత్త_డ్రైవర్
అర్థమైంది. ఆయనకి ఇవాళే ఫోన్ చేసి చెబుతా.

లేత్_మాస్టర్
గోదారి గారూ, మీ ఫొటో ఇప్పుడే ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. మధ్య ప్లగ్గు పక్కవాటి కంటే పొట్టిగా ఉంది! వాషర్ కింది నుంచి మర చివరి దాకా స్కేలు పెట్టి కొలిచి చెప్పండి. మూడూ కొలవండి.

గోదారి_800
ఇప్పుడే కొలిచాను. ఒకటి, మూడు 19 ఎం.ఎం. రెండోది 12.7 దగ్గర. పైన చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయి, నేను అసలు పోల్చి చూడలేదు. రెండేళ్ళ క్రితం ఒక షెడ్డులో ఒక్క ప్లగ్గు మాత్రం మార్చారు, బహుశా అదే ఇది.

లేత్_మాస్టర్
అసలు దొంగ దొరికాడు. నా మొదటి ఊహ సగమే నిజం. వేడి కొంత చెరిపింది, కానీ అసలు కారణం ఈ పొట్టి ప్లగ్గు.

మీ 800కి కావాల్సింది 19 ఎం.ఎం. పొడవు, అంటే ముప్పాతిక అంగుళం. అరంగుళం ప్లగ్గు వేస్తే కింద ఆరు ఎం.ఎం. మర ఖాళీగా మంటకి ఎదురుగా ఉండిపోతుంది. రెండేళ్ళ పాటు ఆ ఐదు చుట్లలో మసి గట్టిపడింది. మీరు కొత్త పొడుగు ప్లగ్గు వేస్తే సగం దాకా చేత్తో దిగింది అన్నారు చూశారా, అక్కడిదాకే శుభ్రమైన మర. ఆ తర్వాత మసి గోడకి తగిలింది. పానాతో నెట్టేసరికి పైమర తెగిపోయింది.

పానా_పద్మ
మాస్టారూ, దండం పెట్టాలి మీ కంటికి.

నల్ల_అంబాసిడర్
మర పోయిందని మొదలుపెట్టిన థ్రెడ్డులో థ్రెడ్డు ఎందుకు పోయిందో దొరికింది. ఈ థ్రెడ్డుకి మాత్రం బుష్ అక్కర్లేదు :)

కొత్త_డ్రైవర్
తిరగేసి అడుగుతున్నా, పొట్టి ప్లగ్గు పడాల్సిన చోట పొడుగుది వేస్తే?

ఫియట్_ప్రేమి
ఇంకా దారుణం. మొన లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కి తగలొచ్చు. తగలకపోయినా బయటికి వచ్చిన మరల్లో మసి పట్టి, తీసేటప్పుడు హెడ్డు మరని లాక్కుని వస్తుంది. అందుకే కొత్త ప్లగ్గుని పాతదాని పక్కన పెట్టి చూసుకోవాలి. పాతదే తప్పయితే కంపెనీ మాన్యువల్ చూడాలి.

గోదారి_800
నేను బుష్ వైపే మొగ్గుతున్నాను. కానీ కాకినాడలో అడిగిన మూడు చోట్లా కాయిలే ఉంది. ఆన్‌లైన్‌లో బుష్ కిట్ ధర చూస్తే కళ్ళు తిరిగాయి. ఒక్క రంధ్రం కోసం అంత పెట్టాలా అనిపిస్తోంది. ఇంకో టెన్షన్, కోసేటప్పుడు పొట్టు లోపల పడితే? అయస్కాంతం పెట్టి తీసేయొచ్చా?

ఒహాయో_వాసు
అల్యూమినియం అయస్కాంతానికి అంటదు. ఆ ఆశ వదులుకోండి. నేను ఇక్కడ మూడు ఇంజన్లకి బండి మీదే చేశాను. ట్యాపు గాడుల నిండా గ్రీజు దట్టించండి, పొట్టంతా దానికి అంటుకుంటుంది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. రెండు చుట్లకోసారి పూర్తిగా బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ కొత్త గ్రీజు. విసుగు వస్తుంది, అయినా తొందరపడకండి. పిస్టన్‌ని మాత్రం కిందికి దించి ఉంచండి, పైన ఉంటే ట్యాపు మొన దాన్ని గుచ్చుతుంది.

ఆటోనగర్_కుర్రాడు
మేము పిస్టన్ పైకి తెచ్చి, ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఉండగా గాలి కొడతాం. పొట్టు సైలెన్సర్ వైపు పోతుంది.

ఒహాయో_వాసు
గాలి కొట్టేటప్పుడు అది మంచిదే. కోసేటప్పుడు మాత్రం కిందే ఉండాలి. గాలి కంటే పీల్చడం మేలు. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి కూల్‌డ్రింక్ స్ట్రా టేపుతో అతికించి, ప్లగ్గు రంధ్రంలోంచి లోపల నలుమూలలా తిప్పండి. పెట్రోలు వాసన పూర్తిగా పోయాకే వాక్యూమ్ పెట్టండి, దాని మోటారులో నిప్పురవ్వలు ఉంటాయి.

పానా_పద్మ
గోదారి గారూ, కిట్ కొనకండి. నాది పంపిస్తాను. రీమర్ ట్యాపు, సీటు కట్టర్, డ్రైవర్ అన్నీ ఉన్నాయి. 19 ఎం.ఎం. ప్లగ్గుకి సరిపోయే బుష్‌లు మూడు ఉన్నాయి, ఒకటి మీది. పని అయ్యాక శుభ్రం చేసి తిరిగి పంపండి. అడ్రసు మెసేజ్ చేయండి. బుష్ పొడవు తప్పితే మళ్ళీ అదే కథ. పొట్టిదైతే కింద మసి, పొడుగుదైతే కింది కొస మంటలో ఎర్రబడుతుంది.

గోదారి_800
పద్మ గారూ, ఏం చెప్పాలో తెలియడం లేదు. ముఖం కూడా చూడని మనిషికి ఇంత ఖరీదైన సామాను పంపుతానన్నారు. అమ్మకి చెబితే మీ గోత్రం అడిగింది, గుడిలో అర్చన చేయిస్తుందట.

లేత్_మాస్టర్
మొదటి మూడు చుట్లే ముఖ్యం. ట్యాపు పక్కన చిన్న మూలమట్టం నిలబెట్టి, రెండు వైపుల నుంచీ చూసుకుంటూ దింపండి. ఒకవైపు ఒరిగిందని అనుమానం వస్తే బలంతో సరిచేయకండి, వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టండి. ఫోన్ నంబరు మెసేజ్ చేశాను, మధ్యలో ఆగితే చేయండి.

గోదారి_800
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. బండి నడుస్తోంది!!

శనివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టాను, ఇంజన్ రాత్రంతా చల్లారి ఉంది. బ్యాటరీ తీగ విప్పి, మూడు ప్లగ్గులూ తీసి, రెండో రంధ్రంలో స్ట్రా పెట్టి చేత్తో ఇంజన్ తిప్పాను. స్ట్రా కిందికి దిగి ఆగిన చోట వదిలేశాను. వాసు గారు చెప్పినట్టు గ్రీజు దట్టించి ట్యాపు దింపాను. కుర్రాడు అన్నది నిజమే, అడుగున రెండు చుట్లు మిగిలి ఉన్నాయి, మొన వాటిని పట్టుకుంది. తొమ్మిదిసార్లు బయటికి తీసి తుడిచాను. ప్రతిసారీ గ్రీజులో మెరిసే రజను, ముగ్గుపిండి కలిపినట్టు. ఐదోసారి తీసినప్పుడు వేలెడంత పొడుగు తీగ ఒకటి చుట్టుకుని వచ్చింది. నల్లటి మసి పెళ్ళలు కూడా వచ్చాయి, గోరుతో గీకినా పోనంత గట్టివి.

తర్వాత సీటు కట్టర్ రెండు చుట్లు. బుష్ ఎక్కించేటప్పుడే భయమేసింది. డ్రైవర్ కొంతదూరం తేలిగ్గా తిరిగి ఒక్కసారిగా బిగుసుకుపోయింది. మళ్ళీ మర తెగిందేమో అనుకుని మాస్టర్ గారికి ఫోన్ చేశాను. "అది అడుగు మరల్ని వెడల్పు చేస్తోంది, ఆపకుండా తిప్పు, తేలికవుతుంది" అన్నారు. నాలుగైదు చుట్లకి నిజంగానే తేలికైంది. ఆ క్షణం కళ్ళలో నీళ్ళొచ్చాయి.

వాక్యూమ్ పెట్టి, ఆరు వందలకి కొన్న ఎండోస్కోప్ కెమెరా లోపలికి దించి చూశాను. పిస్టన్ తల మీద రెండు మెరిసే ముక్కలు కనిపించాయి. మళ్ళీ స్ట్రా పెట్టి పీల్చాను, పోయాయి. బ్యాటరీ కలిపి, ఇగ్నిషన్ కాయిల్ పెద్ద తీగ ఎర్త్ చేసి, ప్లగ్గులు లేకుండా ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టాను. కొత్త ప్లగ్గులు వేసి తాళం తిప్పితే ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది. అమ్మ వాకిట్లోకి వచ్చింది.

నల్ల_అంబాసిడర్
చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. శభాష్.

లేత్_మాస్టర్
హెడ్డు దింపమన్న నా సలహా ఈ బండికి అక్కర్లేకపోయింది, సంతోషం. వేడెక్కాక లీకు చూశారా? ప్లగ్గు మొదట్లో రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి నడుస్తుండగా బుడగలు వస్తున్నాయేమో చూడండి. ఎంత బిగించారు?

గోదారి_800
ఆయిల్ వేసి చూశాను, ఒక్క బుడగ లేదు. కంప్రెషన్ కూడా మూడింటికీ దగ్గర దగ్గరగానే ఉంది. టార్క్ పానా (బిగింపు కొలిచేది) దొరకలేదు. కొత్త ప్లగ్గులు కాబట్టి చేత్తో కూర్చునేదాకా తిప్పి, అక్కడి నుంచి అర చుట్టు.

ఒహాయో_వాసు
సరైన పద్ధతే. టార్క్ పానా ఉంటే 14 ఎం.ఎం. ప్లగ్గుకి అల్యూమినియం హెడ్డులో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. లేకపోతే కొత్త వాషర్‌కి అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు. అదే ప్లగ్గు తీసి మళ్ళీ వేస్తే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది, కూర్చున్నాక గడియారంలో ఒక గంట దూరం తిప్పితే చాలు.

ఆటోనగర్_కుర్రాడు
మరలకి కొద్దిగా కాపర్ గ్రీజు రాస్తే మళ్ళీ పట్టేయదు. నేను ప్రతి బండికీ రాస్తాను.

ఒహాయో_వాసు
ప్లగ్గుల కంపెనీ ఎన్‌జీకే వాళ్ళు వద్దంటారు. వాళ్ళ ప్లగ్గు మరలకి ముందే పూత ఉంటుంది. గ్రీజు రాస్తే జారుడు ఎక్కువై, అదే టార్క్‌కి ఎక్కువ బిగిసిపోతుంది, మరలు సాగుతాయి.

ఆటోనగర్_కుర్రాడు
పూత లేని మామూలు ప్లగ్గులకి మాత్రం నేను రాయడం మానను. అగ్గిపుల్ల మొనంత, రెండో మర మీదే. బిగింపు కూడా తగ్గిస్తాను.

ఫియట్_ప్రేమి
ప్లగ్గు మొదలుపెట్టేటప్పుడు పానా వద్దు. పెట్రోల్ పైపు ముక్క, జానెడు, ప్లగ్గు తలకి తొడిగి దానితో తిప్పండి. వంకరగా ఎక్కుతుంటే రబ్బరు జారిపోతుంది, మర చెడదు. నా టూల్‌బాక్స్‌లో ఆ ముక్క ఇరవై ఏళ్ళుగా ఉంది.

గోదారి_800
ఇవాళే ఒక ముక్క కోసి డ్యాష్‌బోర్డులో పెట్టాను. ఒకటి, మూడు రంధ్రాల్లోకి కూడా కెమెరా పెట్టి చూశాను, మరలు శుభ్రంగా ఉన్నాయి. ఫిట్‌నెస్ 2027 దాకా ఉంది, అప్పటికి పెయింట్ వేయించాలి. పద్మ గారూ, కిట్ కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, నూనె రాసి నిన్న కొరియర్ చేశాను. బుష్ డబ్బులు, అమ్మ పంపిన ప్రసాదం అందులోనే ఉన్నాయి.

పానా_పద్మ
అందింది. డబ్బులు ఎందుకండీ. కాజాలు మా పిల్లలు బస్తా విప్పినట్టు విప్పేశారు, సగం ట్యాపు పెట్టెలోనే తిన్నారు.

నల్ల_అంబాసిడర్
పద్మ గారూ, ఆ కిట్ ఖాళీయేనా? మా తోడల్లుడి జెన్‌లో ఒకటో ప్లగ్గు తిరుగుతూనే ఉందట. పొద్దున్నే ఫోన్ చేశాడు. ముందు పాత ప్లగ్గు కొలవమన్నాను.

పానా_పద్మ
ఖాళీయే. బుష్‌లు రెండున్నాయి. కొలత, అడ్రసు మెసేజ్ చేయండి, సోమవారం పంపుతాను.